వరాలు పెట్టిన లక్క ఇటుకలు

అబ్బా! రామ రామ! ఎవర్రా ఈ ప్లాస్టిక్ ఇటుకముక్క నడవ మధ్యలో వదిలేసింది? నా అరికాలు చూడండి, దాని బొడిపెలన్నీ అచ్చు దిగాయి. నవ్వకే లల్లీ. సత్తిపండూ, నువ్వేనా? ఆ, తల దించుకున్నావంటే నువ్వే. పోన్లే, ఏమీ అననులే, ఇలా రా. ఈ ఎర్రముక్క మాత్రం నా కొంగున ముడేసుకుంటున్నాను. ఎందుకంటావా? ఇవాళ్టి కథ దీనిదే. లైటు ఆర్పండి. దుప్పటి ఇద్దరికీ సరిపోయేలా లాక్కోండి. దేవుడికి దణ్ణం పెట్టుకున్నారా? కళ్ళు మూసుకుని పెట్టుకున్నారా, దొంగకళ్ళతోనా? సరే, ఊ కొట్టండి మరి. ఊ ఆగిందంటే కథ కూడా ఆగుతుంది, ముందే చెప్తున్నాను.

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలెడితే, ఏ ఊళ్ళో అమ్మమ్మా అని అడ్డం పడతాడు వీడు. అందుకని ఇవాళ తిరగేసి చెప్తాను. అనగనగా ఒక గోడ. ఆ గోడ లోపల ఒక ఊరు. గోడ బయట ఒక ఏరు. ఊరికీ ఏటికీ మధ్య ఉన్నది ఆ గోడ ఒక్కటే. వానాకాలం ఏరు పొంగితే ఊళ్ళోకి రాకుండా అడ్డం నిలబడేది అదే. అందుకని ఆ ఊరివాళ్ళు దాన్ని గోడ అనరు, గోడమ్మ అంటారు. పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, కొత్త జంట వస్తే ముందు దాని దగ్గరికే తీసుకెళ్ళి మొక్కిస్తారు. మంచిదే కదా? మంచిదే. కాపాడే తల్లికి మొక్కకపోతే ఇంకెవరికి మొక్కుతాం?

ఊ కొడుతున్నారా? ఆ.

అంతా బాగానే ఉంది గానీ, ఆ ఊళ్ళో ఒక పిచ్చి ఆచారం ఉండేది. గోడమ్మకి దెబ్బ తగిలిందని ఎవరూ నోటితో అనకూడదు. ఇటుక రాలిందనకూడదు, సున్నం ఊడిందనకూడదు, కన్నం పడిందని అసలే అనకూడదు. అంటే ఊరికి అరిష్టమట. ఏటేటా తొలకరికి ముందు గోడపండగ చేసేవాళ్ళు. ఆ రోజు మణిధర మహారాజు ఏనుగెక్కి, గోడ చుట్టూ బయటి బాటన ఊరేగేవాడు. ఒక్కో వీధి దగ్గరా ఏనుగుని ఆపి అడిగేవాడు: "మా గోడమ్మ క్షేమమా?" ఆ వీధివాళ్ళంతా ఒక్క గొంతుతో అనాలి: "క్షేమం మహారాజా, క్షేమం!" డోలు మోగేది, ఏనుగు కదిలేది. మళ్ళీ ఇంకో వీధి. మా గోడమ్మ క్షేమమా? క్షేమం మహారాజా, క్షేమం! మీరు కూడా అనండి. ఆ, అలాగ.

మరి నిజంగా కన్నాలు పడ్డచోట ఏం చేసేవాళ్ళంటావా? భలే అడిగావే, నా తల్లే! తెర కట్టేవాళ్ళు. ఇటుకలు ఇటుకలుగా రంగులద్దిన గుడ్డ తెర. ఏనుగు మీంచి చూస్తే అచ్చం గోడే. మహారాజు చూసేవాడు, తల ఊపేవాడు, వెళ్ళిపోయేవాడు. మొదట్లో పండగ అవగానే తెరలు విప్పేసేవాళ్ళు. తరవాత తరవాత బద్ధకమేసి ఉంచేశారు. కన్నం పెరిగింది, తెర పెంచారు. ఇంకాస్త పెరిగింది, ఇంకాస్త పెంచారు. చూస్తూ చూస్తూ ఉండగా ఊళ్ళో తాపీ పట్టేవాళ్ళు తగ్గిపోయారు, రంగులద్దేవాళ్ళు ఎక్కువైపోయారు.

ఆ అద్దేవాళ్ళలోకెల్లా పేరున్నది నూకాలమ్మ. ఆవిడ అద్దిందంటే గుడ్డ గుడ్డలా ఉండదు. నాచు పట్టిన ఇటుక కావాలా? అద్దేది. మూల చెక్క లేచిన ఇటుక కావాలా? అద్దేది. ఆవిడ తెర మీద నిజం గోడే అనుకుని పిడక చరిచిందట ఒకావిడ, పిడకతో సహా వెళ్ళి అవతల పడింది! నవ్వండి నవ్వండి, ఆవిడ నడుం పట్టేసి మంచమెక్కింది పాపం.

నూకాలమ్మకి మొగుడు లేడు, ఒక్కడే కొడుకు. వాడి పేరు అప్పన్న. మా సింహాద్రప్పన్న పేరే, గోవిందా. వాడెంత నెమ్మదస్తుడంటే, అమ్మ ఎండ అంటే ఎండ, అమ్మ వాన అంటే వాన. వాళ్ళిల్లు ఏటి వీధిలో చిట్టచివర. వంటింటికి వెనకగోడ వేరే లేదు, గోడమ్మే వెనకగోడ. ఊరు మొత్తం మీద అన్నిటికన్నా పెద్ద కన్నం ఎక్కడుందో తెలుసా? సరిగ్గా నూకాలమ్మ పొయ్యి వెనక! మనిషి వంగి దూరేంత కన్నం. దాని మీద బయటివైపు ఆవిడ అద్దిన అన్నిటికన్నా అందమైన తెర.

అలాంటి ఇంటికి కోడలొచ్చింది. పేరు వరాలు.

వరాలు కొండ అవతల బొమ్మలు చేసేవాళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న అంకుడు కర్ర చెక్కి, వేడి లక్క పట్టించి, మొగలిరేకుతో రుద్ది రుద్ది మెరుగు పెట్టేవాడు. వాళ్ళ ఊళ్ళో ఒక మర్యాద ఉంది. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు సారెతో పాటు ఒక గంపెడు లక్క ఇటుకలు ఇస్తారు. చిట్టి చిట్టి ఇటుకలు. ఎర్రవి, పచ్చవి, నీలంవి, పసుపువి. ఒకదాని నెత్తిన బొడిపె, ఇంకొకదాని కడుపులో గుంట. దీని మీద అది పెడితే టక్కున కూర్చుంటుంది. అవును రా సత్తిపండూ, నీ ముక్కల్లాగే, కాకపోతే కర్రవి. పుట్టబోయే పిల్లలు ఆడుకోవడానికి తాత ముందుగా ఇచ్చే ముద్దన్నమాట. వరాలు ఆ గంప తెచ్చి, గుడ్డ కప్పి, అటక మీద దాచుకుంది. రోజూ ఒకసారి గుడ్డ ఎత్తి చూసుకునేది, మళ్ళీ కప్పేది.

వంటింట్లోకి అడుగు పెట్టిన మొదటి రోజే పిల్ల హడలిపోయింది. పొయ్యి వెనక గోడ బొజ్జలాగా ఉబ్బుతోంది, మళ్ళీ లోపలికి పోతోంది. ఉబ్బుతోంది, పోతోంది.

"అత్తా! గోడ ఊపిరి తీస్తోంది!"

"గోడమ్మ కదే, తియ్యదూ? అన్నం చూడు, మాడిపోతోంది," అంది నూకాలమ్మ తల తిప్పకుండా.

వరాలు ఊరుకునే రకమా? వెళ్ళి చెయ్యి పెట్టింది. గోడ చేతికి మెత్తగా తగిలింది. అంచు పట్టి ఎత్తింది. ఎదురుగుండా ఏరు! ఇసక, రెల్లు, నీళ్ళు తాగుతున్న గేదె. ఆ గేదె కూడా ఈవిడ వంక అలా చూసిందట, ఎవరమ్మా నువ్వు కొత్తగా ఉన్నావూ అన్నట్టు.

"అత్తా, ఇది గోడ కాదు, గుడ్డ!"

"ష్! నోరు ముయ్యి. అనకూడదు."

"వానాకాలం ఏరొస్తే?"

"నేను వచ్చి ముప్పై ఏళ్ళైంది, రాలేదు."

"అప్పుడు కన్నం ఇంతుందా అత్తా?"

అప్పుడు పిడికిలంత ఉండేది మరి. నూకాలమ్మకి ఆ సంగతి తెలుసు. కింద కూచుని రంగు కలపడం మొదలెట్టింది, గట్టిగా, అవసరమున్న దానికన్నా గట్టిగా.

వరాలు మొగుణ్ణి అడిగింది. అమ్మనడుగు అన్నాడు. వీధి పెద్దల్నడిగింది. కొత్తకోడలివి, నీకెందుకమ్మా అన్నారు. చివరికి గోడమ్మ దగ్గరికే వెళ్ళి, చేతులు జోడించి, తనలో తనే అడిగింది, తనే జవాబు చెప్పుకుంది. ఇది పాటలాగా ఉంటుంది, చప్పట్లు కొట్టండి.

ఇటుకా ఇటుకా, ఎందుకు రాలావు? నన్ను పట్టుకున్న సున్నం వదిలేసింది.
సున్నమా సున్నమా, ఎందుకు వదిలేశావు? నాలోకి తడి దిగింది.
తడీ తడీ, ఎందుకు దిగావు? గోడలో మొలిచిన జువ్వివేరు దారిచ్చింది.
వేరూ వేరూ, ఎందుకు దారిచ్చావు? నన్ను పీకే చెయ్యి రాలేదు.
చెయ్యీ చెయ్యీ, ఎందుకు రాలేదు? తెర పట్టుకుని ఉన్నాను కదమ్మా, నాకు ఖాళీ ఎక్కడిది!

చూశారా? తప్పు ఇటుకది కాదు, సున్నానిది కాదు. వరాలు అక్కడే ఒట్టేసుకుంది. తల్లీ, ఈ ఏడు వాన పడేలోగా నిన్ను నిలబెడతాను. నోటితో చెప్పకూడదన్నారు, సరే, చెప్పను. చెప్పకుండానే కనబడేలా చేస్తాను.

ఊ ఏదీ? లల్లీ, వీణ్ణి గిల్లు. నిద్రపోయాడేమో. ఆ, లేచాడు.

ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం వడగాడ్పు కొడుతుంటే ఊరంతా తలుపులేసుకుని పడుకునేది. కాకి కూడా చూరు కింద నోరు తెరుచుకుని కూచునేది. అప్పుడు వరాలు తలకి తడిగుడ్డ చుట్టుకుని, కొంగులో లక్క ఇటుకలు పోసుకుని బయటి బాటన వెళ్ళేది. ఒక చిన్న కన్నం చూసుకునేది, తెర తప్పించి అలాగే వదిలేసి, లోపల దుమ్ము ఊది, ఎర్ర ఇటుక, దాని మీద పసుపు ఇటుక, దాని పక్కన నీలం. టక్, టక్, టక్. పిచ్చిక గూడు కనబడితే మాత్రం దాని జోలికి పోయేది కాదు. అది కాపురముంటున్న ఇల్లు కదా.

సాయంత్రం చల్లబడ్డాక జనం బయటికొచ్చి చూస్తే ఏముంది! మట్టిరంగు గోడలో చిలకముక్కులా ఎర్రగా, కనకాంబరంలా, నెమలి మెడలా మెరుస్తూ ఇన్నిన్ని రంగులు! పొద్దుగుంకే ఎండ పడితే ఇంకా మెరిసిపోతున్నాయి. పెద్దవాళ్ళు గుండె పట్టుకున్నారు. ఇది ఎవరో మనిషి చేసిన పని కాదన్నారు. మిట్టమధ్యాహ్నం ఎండలో తిరిగేది దెయ్యం గాక మనిషా అన్నారు. అంతే, ఊరంతా ఒకటే మాట, బొమ్మల దెయ్యం! బొమ్మల దెయ్యం!

దెయ్యాన్ని మంచి చేసుకోవాలని గోడ కింద పెరుగన్నం పెట్టారు, దోసావకాయ ముక్క పెట్టారు. మర్నాడు చూస్తే ఆకు ఖాళీ. ఎవరు తిన్నారంటావు? వరాలే! ఎండన పడి వంగి పనిచేస్తే ఆకలెయ్యదూ? ఒకరోజు ఉప్పు తక్కువైందని విస్తరాకు మీద బొగ్గుతో రాసి పెట్టబోయి మానేసిందట. మంచిపనే చేసింది, దొరికిపోయేది.

పెద్దవాళ్ళు భయపడ్డారు గానీ పిల్లలు భయపడతారా? మీరు పడతారా? వాళ్ళు తెరలు పక్కకి లాగి మరీ చూడ్డం మొదలెట్టారు. ఈ కన్నంలో ఎన్ని రంగులు, ఆ కన్నంలో ఎన్ని రంగులు. ఇన్నాళ్ళూ ఎవరూ చూడని కన్నాల్ని వెతుక్కుంటూ ఊరంతా తిరిగారు. అక్కడ ఇంకా పెట్టలేదే దెయ్యం అని జాలిపడి, తమ దగ్గరున్న బొంగరమో, చెక్కబొమ్మ తలకాయో, గవ్వో తెచ్చి తామే పెట్టారు. వరాలు మర్నాడు వెళ్ళి చూసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది, కళ్ళనిండా నీళ్ళతో.

సున్నం బట్టీ గౌరయ్య అని ఒకడున్నాడు. చాలా ఏళ్ళుగా తెరల రంగులోకి తప్ప ఎవరూ వాడి దగ్గర సున్నం కొనలేదు. వాడు ఒక కన్నం ముందు నిలబడి చూసి చూసి, "ఎంత ముద్దుగా పెట్టిందిరా దెయ్యం! పట్టు లేకుండా పెట్టింది, గాలికి పడిపోదూ?" అని గొణుక్కుని, ఇంటికెళ్ళి పిడికెడు సున్నం తెచ్చి చుట్టూ మెత్తాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. పక్కింటివాడు చూశాడు. వాడు ఇంకో కన్నానికి మట్టి తెచ్చాడు. కన్నం పడిందని ఎవరూ అనలేదు సుమా! దెయ్యం బొమ్మ పడిపోకుండా చూస్తున్నాం అన్నారు. ఏదంటే ఏం, చిన్న చిన్న కన్నాలన్నీ ఒక్కొక్కటే మూతపడ్డాయి.

ఈ సంగతి కొత్వాలు చెవిన పడింది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. తెరలు పక్కకి పోతే మహారాజు కంట పడుతుంది, పడితే ఇన్నేళ్ళూ ఏం చేశావని ఆయన్నే అడుగుతారు. అందుకని దండోరా వేయించాడు. గోడమ్మ మీద రంగు ఇటుకలు పెట్టి గోడకి వంక చూపించేది మనిషైనా దెయ్యమైనా, పట్టుకుని ఏరు దాటించేస్తాం, మళ్ళీ ఊళ్ళో అడుగు పెట్టనివ్వం. పండగకి ఏటి వీధి చివర కొత్త తెర, మునుపటికన్నా పెద్దది, నూకాలమ్మ అద్దాలి.

ఆ దండోరా విన్నాక వరాలు ఇంటికొచ్చింది. అటక మీంచి గంప దించింది. అడుగున కాసిన్ని ఇటుకలే మిగిలాయి. వాటిని తీసుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. నూకాలమ్మ అక్కడే కూచుని కొత్త తెర అద్దుతోంది. వరాలు దాక్కోలేదు, ఆవిడ ఎదురుగానే పొయ్యి వెనక కన్నం దగ్గర కూచుని, మొదటి ఇటుక పెట్టింది. టక్.

నూకాలమ్మ చేతిలోని అద్దకపు అచ్చు కింద పడింది.

"నువ్వా! బొమ్మల దెయ్యం నువ్వా!"

"నేనే అత్తా."

"నా కొంప ముంచుతావే! దండోరా వినలేదూ? నిన్ను ఏరు దాటిస్తారు. మా అప్పన్న గతేంటి? నా పరువేంటి? తెరలద్దే నూకాలమ్మ ఇంట్లోంచే ఈ పని జరిగిందంటే నేను తలెత్తుకోగలనా?"

"ఏరే దాటి ఇంట్లోకొస్తే అత్తా? అప్పుడు మనందరం ఎక్కడికి పోతాం?"

నూకాలమ్మ గంపలోకి చూసింది. అడుగు కనబడుతోంది. "అవి నీ పిల్లల కోసం మీ నాన్న ఇచ్చినవి కదే. అన్నీ గోడకి పెట్టేశావే! రేపు పిల్లలు పుడితే వాళ్ళకేం పెడతావే పిచ్చిదానా?"

"గోడ పెడతాను అత్తా," అంది వరాలు.

ఇంకేమంటుంది నూకాలమ్మ? అటు తిరిగి కూచుని, బయట నా తెర ఉంటుంది, దాని వెనక నువ్వేం ఆడుకుంటున్నావో నాకు తెలీదు, నేను చూడలేదు అంది. అని మళ్ళీ అచ్చు చేతిలోకి తీసుకుంది గానీ, ఆ రోజు అద్దిన ఇటుకలన్నీ వంకరటింకరగా వచ్చాయిట.

వరాలు ఇటుక మీద ఇటుక పెట్టింది. చాల్లేదు. పెద్ద కన్నం కదా. అందుకని మధ్య మధ్య సందులు వదిలి, కిటికీ జాలీలాగా పేర్చింది. సన్నగా, నిలబడీ నిలబడనట్టు నిలిచింది. దాని ముందు కూచుని కళ్ళు మూసుకుంది. తల్లీ, నా చేతిలో ఉన్నది అయిపోయింది, ఇక నీ దయ అంది. అలా అడగాలి దేవుణ్ణి, మన చేతిలో ఉన్నదంతా పెట్టాక. ముందే అడిగితే ఆయనకి మాత్రం ఏం తోస్తుంది?

గోడపండగ వచ్చింది. పడమట మబ్బు కట్టింది. డోలు, సన్నాయి, ఏనుగు. ఏనుగు మీద మహారాజు, ఆయన ఒళ్ళో చిన్నారి కూతురు అలివేణి. అదే మొదటిసారి ఆ పిల్లని ఊరేగింపుకి తేవడం. కొత్వాలు తెరలన్నీ గట్టిగా బిగించి కట్టించాడు. వీధి తరవాత వీధి. మా గోడమ్మ క్షేమమా? క్షేమం మహారాజా, క్షేమం! పాపకి విసుగొచ్చి ఆవలిస్తోంది, నీలాగే.

చివరికి ఏటి వీధి. నూకాలమ్మ కొత్త తెర రెపరెపలాడుతోంది. వీధివాళ్ళంతా బయట బారులు తీరారు, వరాలూ అప్పన్నా వాళ్ళలోనే ఉన్నారు. నూకాలమ్మ మాత్రం లోపల నైవేద్యానికి గారెలు వేస్తోంది. మహారాజు నోరు తెరిచి "మా గోడమ్మ" అన్నాడో లేదో, పడమటి గాలి ఒక్క విసురు విసిరింది. తెర కొస తాడు తెంచుకుని జెండాలాగా పైకి లేచింది. దాని వెనక ఎరుపు, పసుపు, నీలం, పచ్చ!

"నాన్నా, బొమ్మలు! గోడలో బొమ్మలున్నాయి!"

కొత్వాలు ఉరికి తెర కిందికి లాగాడు. పాప కెవ్వున ఏడ్చింది. రాజు గారి కూతురు ఏడిస్తే డోలు ఆగదూ? ఆగింది. దింపు దింపు అని మారాం. మహారాజు ఏనుగు దిగాడు, పాపని దింపాడు. కొత్వాలు తెరకి అడ్డంగా చేతులు చాపి, అది దెయ్యం పెట్టింది మహాప్రభో, ముట్టుకోకూడదు అంటున్నాడు. ఆ చాపిన చేతుల కిందనుంచి పాప దూరిపోయింది. వెళ్ళి ఒక ఎర్ర ఇటుక పట్టి లాగింది.

అది రాగానే దాని మీదిది పడింది, దాని పక్కది పడింది, గలగలమని సగం జాలీ, దాంతోపాటు తెరా పడ్డాయి. దుమ్ము సర్దుకున్నాక చూస్తే కన్నంలోంచి మూకుడు కనబడుతోంది, మూకుట్లో గారెలు కనబడుతున్నాయి, వాటి వెనక చిల్లుల గరిటె పట్టుకుని పొగకి కళ్ళు నలుపుకుంటున్న నూకాలమ్మ.

"ఎవరయ్యా అది వెలుతురుకి అడ్డం? తప్పుకో, గారె మాడుతోంది!"

మహారాజు వంగి కన్నంలోకి చూశాడు. పాపం, ఏటేటా అలవాటైన మాటే నోట్లోంచి వచ్చేసింది. "మా గోడమ్మ క్షేమమా?"

బయటివాళ్ళు భయం కొద్దీ "క్షేమం" అని సగంలో మింగేశారు. కొత్వాలు కళ్ళతోనే నూకాలమ్మని ఉరుముతున్నాడు, అను, అను అని. నూకాలమ్మ ఆయన వంక చూసింది. కింద పడ్డ లక్క ఇటుకల వంక చూసింది. బయట జనంలో బిక్కచచ్చి నిలబడ్డ కోడలి వంక చూసింది. తెరలద్దీ అద్దీ ఎర్రబడ్డ తన చేతుల వంక చూసుకుంది. గరిటె కింద పెట్టి, దణ్ణం పెట్టి, అప్పుడంది:

"క్షేమమైతే తమరు నా వంటింట్లో ఎలా కనబడుతున్నారు మహారాజా?"

హహ్హా! అదీ! అందరికన్నా ముందు నవ్వింది పాప. తరవాత ఏనుగు మావటివాడు. తరవాత నవ్వొచ్చినవాళ్ళూ ఏడుపొచ్చినవాళ్ళూ ఎవరెవరో తెలియలేదు. మహారాజు మాత్రం నవ్వలేదు. నేరుగా వెళ్ళి పక్క తెర ఎత్తాడు. దాని వెనక పూడ్చిన కన్నం. ఇంకో తెర ఎత్తాడు. ఇంకో కన్నం, దాంట్లో ఒక బొంగరం. ఇవన్నీ ఎవరు పెట్టారన్నాడు.

నేనే అని వరాలు చెయ్యెత్తింది. కొత్వాలు వరాల్ని ముందుకి తోశాడు, ఏరు దాటించమని సెలవివ్వండి అన్నాడు. అప్పుడు అప్పన్న, జన్మలో మొదటిసారి అమ్మనడక్కుండా, వచ్చి పెళ్ళాం పక్కన నిలబడ్డాడు. దాటిస్తే ఇద్దర్నీ దాటించండి అన్నాడు. లోపల్నుంచి నూకాలమ్మ, "ముగ్గుర్నీ! ఉండండి, గారెలు దించి వస్తున్నా!" అని కేక.

మహారాజు వరాల్ని అడిగాడు, గోడకి దెబ్బ తగిలిందనడం అరిష్టమని నీకు తెలీదా అని. వరాలు తలొంచుకుని చెప్పింది. "మా నాన్న బొమ్మలు చేస్తాడు మహారాజా. బొమ్మ కాలు విరిగితే మా ఊరి పిల్లలు దాచుకోరు, మా నాన్న దగ్గరికి పరిగెత్తుకొస్తారు. బొమ్మ మీద అంత ప్రేమ వాళ్ళకి. అమ్మకి జ్వరమొస్తే ముసుగేసి క్షేమమంటామా? నేను మాటతో చెప్పలేదు. ఎక్కడ నొప్పో అక్కడ బొట్టు పెట్టాను, అంతే."

మబ్బు ఉరిమింది. మొదటి చినుకు మహారాజు ముక్కు మీద పడింది. ఆయన కిరీటం తీసి పాప చేతికిచ్చి, పట్టుకో తల్లీ అన్నాడు. పంచె ఎగగట్టాడు. ఇటుకలెక్కడున్నాయి అన్నాడు.

అంతే! ఊరు కదిలింది చూడండి! కూలిన పాత గోడల ఇటుకలు చేతి నుంచి చేతికి, చేతి నుంచి చేతికి. గౌరయ్య సున్నం తెచ్చాడు. ఏనుగు తొండంతో మట్టి ఎత్తింది. కొత్వాలు కూడా ఇటుకలు మోశాడు, పట్టుతలపాగా చుట్టకుదురు చేసుకుని. వరాలు జువ్వివేళ్ళు పీకింది, నూకాలమ్మ ఇటుక పేర్చింది. ఇన్నేళ్ళూ గుడ్డ మీద అద్దిన చెయ్యి కదా, ఎక్కడ ఏది కూర్చోవాలో ఆ చేతికి ముందే తెలుసు. తడవకుండా ఏం కప్పాలంటే, ఆ తెరలే తెచ్చి కప్పారు. జన్మలో మొదటిసారి అవి ఒక మంచిపనికి పనికొచ్చాయి.

ఇప్పుడు తిరగేసి పాడండి. చెయ్యి తెర వదిలింది. వేరు ఊడింది. తడి ఆగింది. సున్నం పట్టింది. ఇటుక నిలిచింది!

తరవాత వాన దంచింది. ఏరు పొంగింది. ఎర్రనీళ్ళు వచ్చి గోడమ్మ పాదాలు తాకాయి, మోకాళ్ళు తాకాయి. ఊరంతా లోపల చేతులు గోడకి ఆనించి నిలబడింది, గోవింద కొడుతూ. గోడమ్మ కదల్లేదు. నీళ్ళు చూశాయి, చూశాయి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి.

ఏమిటే లల్లీ? లక్క ఇటుక ఏరుని ఆపుతుందా అనా? ఆపదు తల్లీ. ఆపింది మట్టి ఇటుకా సున్నమూ, ఊరి చేతులూ. లక్క ఇటుక చేసిందల్లా చూడండి అనడమే. ఎవరూ చూడనిచోట ఎర్రగా నిలబడి, చూడండి అనడం. అది చిన్నపనా?

ఆ లక్క ఇటుకల్ని తియ్యొద్దన్నాడు మహారాజు. గోడ బయటి మొహాన, దెబ్బ తగిలిన ప్రతిచోటా వాటిని అలాగే పొదిగించాడు. అప్పట్నుంచి పండగనాడు క్షేమమా అని అడగడం మానేశాడు. "మా గోడమ్మకి ఎక్కడ నొప్పి?" అని అడిగేవాడు. ఇక్కడ ఇక్కడ అని పిల్లలు వేలు పెట్టి చూపించేవాళ్ళు. సాయంత్రానికల్లా అక్కడ పని మొదలయ్యేది. చూపించిన పిల్ల చేత ఒక రంగు ఇటుక పెట్టించేవాళ్ళు.

వరాలికి మరుసటేడు కవలపిల్లలు పుట్టారు. గంప ఖాళీ కదా, వాళ్ళకి ఆడుకోడానికి ఏముంది? ఊరి చుట్టూ ఉన్న గోడంతా ఉంది. నూకాలమ్మ తన పెద్ద తెర ఉతికి, మడతేసి, ఉయ్యాల కట్టింది. ఇటుకలు అద్దిన ఉయ్యాల! మనవలిద్దర్నీ అందులో వేసి ఊపుతూ, గాలికి అది ఉబ్బినప్పుడల్లా, "చూడవే వరాలూ, గోడ ఊపిరి తీస్తోంది," అని ఒకటే నవ్వేదట.

అందుకే నాన్నా, ఇంట్లో ఏదైనా విరిగితే దాచకండి. గ్లాసు పగిలినా చెప్పండి, మోకాలు గీరుకున్నా చెప్పండి, మనసుకి కష్టమేసినా అమ్మకి చెప్పండి. కోప్పడితే నా పేరు చెప్పండి.

ఈ ఎర్రముక్క కావాలా సత్తిపండూ? నా కొంగులోనే ఉంటుంది. రేపు పొద్దున్నే లేచి, మన ఇంట్లో ఎక్కడ పెచ్చు ఊడిందో వెతికి చూపించు, ఇస్తాను. ఊ ఏదీ? ఇద్దరూ పడుకున్నారా? పడుకోండి నా బంగారాలు. కథ కంచి బాట పట్టింది, మనం దుప్పట్లో దూరాం. గోడమ్మ కాస్తుంది. గోవిందా, గోవింద.